దెబోరా దిది వినమన్న పాటలు

దెబోరా ఉద్యోగం చెవులు పరీక్షించడం. ఆమెకు ఇష్టమైనవేమో చెవులు మూసుకుని పారిపోవాలనిపించేంత గట్టిగా మోగే పాటలు. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా కుదిరాయని ఎవరైనా అడిగితే నవ్వేది. "రెండూ మా నాన్న ఇచ్చినవే" అనేది.

ఆమె తండ్రి జీవానందం టికియాపారా రైలు షెడ్డులో ఫిట్టరు. టెక్కలి దగ్గర పల్లె నుంచి మీసాలు రాని వయసులో హౌరా వచ్చి, ఆ షెడ్డులోనే రిటైరయ్యాడు. బతుకంతా రైలు పెట్టెల కింద, సుత్తి దెబ్బల మధ్య, చక్రాలు చెక్కే మిషను పక్కన గడిచింది. తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం కీర్తన ఎత్తుకుంటే ఆయన గొంతు అందరి గొంతుల కిందా పునాదిలా నిలబడేది. అలాంటి మనిషి, దెబోరా హైస్కూల్లో ఉండగానే, పాట మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టాడు. పక్కవాళ్ళు ఏ చరణంలో ఉన్నారో ఆయనకు వినపడేది కాదు. పెదవులు మాత్రం కదుపుతూ, పాడుతున్నట్టు నిలబడేవాడు. హార్మోనియం ముందు కూర్చున్న కూతురికి అది కనపడేది. పన్నెండో తరగతి అయ్యాక తల్లి రోజమ్మ నర్సింగుకి పొమ్మంది. దెబోరా ఒప్పుకోలేదు, చెవి పరీక్షల కోర్సులో చేరింది. కలకత్తాలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చాక మొట్టమొదట చెవి మిషను అమర్చింది తండ్రికే.

ఇక పాటల సంగతి. పద్దెనిమిదేళ్ళ వయసులో షర్మిష్ఠ అనే స్నేహితురాలి ఇంటికి శిబ్‌పూర్ వెళ్ళింది. షర్మిష్ఠ అన్నయ్య గది తలుపు వేసుకుని టేపు పెట్టాడు. "మా దాదాకి పిచ్చి, పట్టించుకోకు" అంది షర్మిష్ఠ. దెబోరా మాత్రం ఆ తలుపు ముందు నిలబడిపోయింది. తండ్రికి అన్నం క్యారేజీ ఇవ్వడానికి షెడ్డు గేటు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వినే చప్పుడే అది. కాకపోతే ఎవరో ఆ చప్పుడుకి తల దువ్వి, జడ వేసి, తాళం నేర్పి నిలబెట్టారు. దాన్ని డెత్ మెటల్ అంటారని ఆ రోజే తెలిసింది. తలుపు తట్టి, టేపు అరువడిగింది.

ఉద్యోగంలో చేరాక ప్రతి శనివారం ఆసుపత్రి అయ్యాక ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డులు, క్యాసెట్లు అమ్మే ఇలియాస్ భాయి దుకాణానికి వెళ్ళడం అలవాటైంది. అక్కడ మూగే కాలేజీ కుర్రాళ్ళు మొదట్లో ఆమెను చూసి, ఎవరికోసమో క్యాసెట్టు కొనడానికి వచ్చిన అక్కయ్య అనుకున్నారు. నూలు చీర, నూనె రాసి బిగించి వేసిన జడ, భుజాన ఆసుపత్రి సంచీ. ఒకరోజు ఒక కుర్రాడు రెండు క్యాసెట్లు చేత్తో పట్టుకుని తేల్చుకోలేక నిలబడ్డాడు.

"ఎడమచేతిలోది వేగంగా పోతుంది, కానీ ఎక్కడికీ పోదు" అంది దెబోరా బెంగాలీలో. "కుడిచేతిలోది తీసుకో. రెండో వైపు చివరి పాట దాకా ఓపిక పట్టు."

మరుసటి శనివారం ఆ కుర్రాడు ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చాడు. "దిదీ, నోతున్ కీ ఎలో?" అని మొదలుపెట్టారు. కొత్తవేం వచ్చాయక్కా అని. కొన్నాళ్ళకి ఆ వీధిలో అదే ఆమెకు పలకరింపైపోయింది.

దెబోరా ఎవరికీ 'ఇది గొప్పది, విను' అని చెప్పేది కాదు. ముందు మనిషిని అడిగేది. నిద్ర పట్టడం లేదా, ఎవరిమీదైనా కోపమా, పరీక్ష పోయిందా, ఊరికే విసుగా? ఆ తర్వాతే ఆల్బం పేరు చెప్పేది. కోపంగా ఉన్నవాడికి బ్రెజిల్ నుంచి వచ్చిన గ్రైండ్‌కోర్ చేతిలో పెట్టేది. అందులో పాటలన్నీ అరనిమిషానివే, తిట్టు తిట్టినట్టు మొదలై తిట్టు తిట్టినట్టే అయిపోయేవి. మనసు మొద్దుబారిందన్నవాడికి నార్వే బ్లాక్ మెటల్. "రికార్డింగు బాగాలేదనుకోకు. మంచుగాలిని కిటికీ తెరిచి వినాలి, మూసి కాదు" అని హెచ్చరించేది. ఒకే స్వరాన్ని పావుగంట సాగదీసే జపాను డ్రోన్ ఆల్బం తెచ్చి, "పాట కోసం వెతక్కు, ఇందులో కూర్చో" అనేది. చివర్లో అందరికీ ఒకటే మాట. సౌండు తగ్గించుకో. చెవి ఒకసారి పోతే తిరిగి రాదు. నేను రోజూ చూస్తున్నాను.

ఈ మాటలు విన్న సౌమిక్ అనే యువకుడు రెండువేల సంవత్సరంలో చిన్న రాక్ పత్రిక మొదలుపెట్టి, నెలనెలా కొత్త ఆల్బంల గురించి రాయమన్నాడు. ఇంగ్లీషులో రాయడం దెబోరాకి కష్టం కాలేదు. అప్పటికే యూరపులో, దక్షిణ అమెరికాలో ఉండే అభిమానులతో పోస్టులో టేపులు మార్చుకునేది కనక, వాళ్ళు చిన్న చిన్న కంపెనీల కొత్త సీడీలు పోస్టులో పంపేవారు. ఊరంతటికీ బంద్ అంటే సెలవు, దెబోరాకి పని. ఆ రోజు మూడు గదుల ఇంట్లో ఒక గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మెల్లగా సాగే డూమ్ నుంచి డెత్ దాకా, శాక్సోఫోనూ గుడి గంటలూ కలిపిన ఫ్రెంచి ప్రయోగాల దాకా ఒక్కోదాన్ని మళ్ళీ మళ్ళీ వినేది. నచ్చనిదాన్ని నచ్చలేదనే రాసేది, పంపినవాడు స్నేహితుడైనా సరే. రచన కింద పేరు మాత్రం పూర్తిగా వేయమంది. దెబోరా జీవానందం.

ఆ పేరే నాలుగేళ్ళ తర్వాత గొడవైంది.

సంఘపెద్ద జ్ఞానానందం రిటైరైన గూడ్సు గార్డు. దెబోరా ఆయన్ని చిన్నప్పటి నుంచీ మావయ్య అనే పిలిచేది. ఆయన మనవడి పుస్తకాల సంచీలో పత్రిక దొరికింది. అట్టమీద పుర్రె, మంటలు. లోపల, తమ సంఘంలో హార్మోనియం వాయించే పిల్ల పేరు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఆ పత్రికను పట్టుకుని నేరుగా హార్మోనియం దగ్గరికి వచ్చాడు. పాస్టరు ఆదాము అయ్యగారు, బయటికి వెళ్ళబోతున్న నలుగురూ ఆగిపోయారు.

"ఏటమ్మా ఇది? ఈ దెయ్యాల పుస్తకంలో నీ పేరేటి?"

"నేనే రాశాను, మావయ్యా."

"నీ పేరొక్కటే కాదు, మీ నాన్న పేరు కూడా. నలభై ఏళ్ళు ఈ గుడిలో పాడినోడి పేరు పుర్రె కింద ఏసీసినావు. పొద్దున్న ఇక్కడ దేవుడి పాట, సాయంత్రం అక్కడ ఈ రోత. రెండూ ఒకే చేత్తో ఎలా వాయిస్తావు?"

  ఆదాము అయ్యగారు నెమ్మదస్తుడు. పెద్దలు కూర్చుని మాట్లాడతారనీ, అందాకా హార్మోనియం ఇంకెవరైనా వాయిస్తారనీ అన్నాడు. దెబోరా మూత వేసింది. తన పన్నెండో ఏట నుంచి ఆ పెట్టె ముందు కూర్చోని ఆదివారం లేదు.

మర్నాడు సౌమిక్‌కి ఫోను చేసి చెప్పింది. "అంతేనా దిదీ? వేరే పేరు పెట్టేద్దాం. ఏ పేరైతేనేం, రాసేది నువ్వే కదా" అన్నాడు అతను. అది నిజమేననిపించింది. ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. రోజమ్మ ఊపిరి పీల్చుకుంది. "ఆ పని చెయ్యవే. గుడికి గుడి, నీ పాటలకి నీ పాటలు" అంది.

జీవానందం మంచంమీద కూర్చుని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. చెవి మిషను సర్దుకుని, "ఏటి? ఏటవుతాంది? నాకు సెప్పరేటి?" అని గట్టిగా అడిగాడు. వినపడని మనిషి కాబట్టి ఆయన మాట ఎప్పుడూ వీధిదాకా వినపడేది.

దెబోరా పత్రిక తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఇంగ్లీషు చదవడం ఆయనకు రాదు. కానీ తన పేరు ఆయనకు ఏ అక్షరాల్లోనైనా తెలుసు. జీతం చీటీల మీద జీవితమంతా చూసుకున్న పేరు. వేలు పెట్టి మెల్లగా చదువుకున్నాడు.

"ఇది నా పేరే గదా?"

"అవును నాన్నా."

"నువ్వు రాసినావా?"

"నాలుగేళ్ళ నుంచి రాస్తున్నాను."

"నాలుగేళ్ళా! మరి నాకు సూపలేదేటి?"

 పుర్రెలు, మంటలు చూసి బాధపడతాడని దెబోరా దాచింది. ఆయన పత్రికను కాస్త దూరం పెట్టి, మళ్ళీ దగ్గరకు తెచ్చుకుని చూశాడు.

"మా ఫోర్‌మాను పేరు కూడా ఇంత పెద్ద అక్షరాల్లో ఎప్పుడూ పళ్ళేదు" అన్నాడు.

"పుర్రె ఉంది, కనపళ్ళేదా?" అంది రోజమ్మ అరిచి.

"పుర్రె అందరికీ ఉంటాది. పేరు అందరికీ అచ్చవుద్దేటి?" అన్నాడు జీవానందం. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "నువ్వు అబద్ధం రాసినావా?"

"లేదు."

"ఎవుళ్ళకైనా అపకారం రాసినావా?"

"లేదు నాన్నా."

"అయితే ఆ పేరు తీస్తే నేనొప్పుకోను. నాది కూడాను అది."

ఆ సాయంత్రం చొక్కా మార్చుకుని, పత్రిక చంకన పెట్టుకుని, షెడ్డు గేటు ముందు టీ కొట్టుకి వెళ్ళాడు. పాత ఫిట్టర్లు అక్కడే కూర్చుంటారు. తెలుగువాళ్ళు, బీహారీలు, బెంగాలీలు. ఒక్కొక్కరికీ పేరు చూపించాడట. తిరిగొచ్చేసరికి పత్రిక మీద టీ మరకలున్నాయి, ఆయన ముఖం వెలిగిపోతోంది. దెబోరా వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. దేశదేశాల నుంచి మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చినప్పుడు కూడా ఆమెకు అంత గర్వం కలగలేదు.

పెద్దలు కూర్చునే ఆదివారం వచ్చింది. దెబోరా వాదించలేదు. "మీరు తప్పు పట్టేది వినకుండా పట్టకండి. వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సండేస్కూలు గదిలో మూడు పాటలు పెడతాను. విని చెప్పండి" అంది. ఆదాము అయ్యగారికి అది న్యాయంగానే తోచింది.

ఏం పెట్టాలన్నది వారమంతా ఆలోచించింది. ఇలియాస్ భాయి దుకాణంలో కుర్రాళ్ళకు చెప్పినట్టే ఇక్కడా చెప్పాలి. వచ్చేవాళ్ళు ఎవరు, వాళ్ళ లోపల ఏముంది? జ్ఞానానందం గురించి ఎక్కువ ఆలోచించింది. ఆయన భార్య అమ్మన్నమ్మ ముందటేడు వేసవిలో పోయింది. ఆ తర్వాత ఆయన గుడికి రావడం మానలేదు గానీ, పాడడం మానేశాడు. అది కూడా హార్మోనియం దగ్గర్నుంచి చూసిందే.

గదిలో పదిహేనుమంది దాకా చేరారు. జీవానందం ముందు బెంచీ మీద కొత్త చొక్కాతో కూర్చున్నాడు. మొదట ఫ్రెంచివాళ్ళ ప్రయోగం పెట్టింది. గంటలు, శాక్సోఫోను, వాటి వెనక ఉరుముతున్న గిటార్లు. కొందరు నవ్వారు, కొందరు కొంగుల్తో చెవులు మూసుకున్నారు. రెండోది గ్రైండ్‌కోర్. అర నిమిషంలో అయిపోయింది. "ఓలమ్మా, గూడ్సు పట్టా తప్పినట్టుంది!" అంది డోర్కాస్, సంఘంలో ఆడవాళ్ళ సమాజం నడిపే పెద్దావిడ. గదంతా నవ్వు. జీవానందం మాత్రం చెయ్యెత్తాడు. "అది మా చక్రాలు చెక్కే మిషను సప్పుడే. కాపోతే తాళం తప్పలేదు" అన్నాడు.

నవ్వు తగ్గాక డోర్కాస్ సూటిగా అడిగింది. "ఇయ్యి సరేనే. పెబువుని తిట్టే పాటలు కూడా ఉన్నాయంట గదా?"

"ఉన్నాయి అత్తా" అంది దెబోరా. "దాచను. అలాంటివి నేనూ విన్నాను. తిట్టడం కోసమే తిట్టినవాటిని పారేయమని రాశాను. వాళ్ళలో కొందరు నిజంగా దెబ్బతిని కేకలు పెట్టినవాళ్ళు. కీర్తనల గ్రంథంలో దావీదు కూడా దేవుణ్ణి నిలదీశాడు కదా. వాళ్ళ కేకను కేకగానే విన్నాను."



మూడోది ఫిన్లండు నుంచి కొత్తగా వచ్చిన డూమ్ ఆల్బం. పెట్టేముందు దెబోరా ఒక్క మాటే చెప్పింది. "ఇది చాలా మెల్లగా ఉంటుంది. ఇందులో ఎవరూ ఎవరినీ తిట్టరు. వీళ్ళలో ఒకరికి ఆప్తులెవరో పోయారు."

చర్చి ఆర్గన్‌తో మొదలైంది. తర్వాత గిటారు, ఒక్కో దెబ్బకీ మధ్య మనిషి లేచి నాలుగడుగులు వేసి రాగలిగినంత ఖాళీ. ఆ తర్వాత గొంతు, భూమిలోంచి వచ్చినట్టు లోతుగా, మాటలు తెలియకుండా. కాసేపటికి వెనక బెంచీల్లో కదలికలు మొదలయ్యాయి. ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు.

"ఎంతసేపుంటాదిది?" అని అడిగాడు జ్ఞానానందం.

"ఇరవై నిమిషాల పైనే, మావయ్యా. ఆపమంటారా?"

 ఆయన తల దించుకుని, "ఉండనీ" అన్నాడు.

పాట చివరిదాకా ఆయన తల ఎత్తలేదు.  బయట లోకల్ బండి ఒకటి హౌరా వైపు పోయింది.

"మీ అత్త పోయాక అందరూ నన్ను తొందరపెట్టినోళ్ళే" అన్నాడు జ్ఞానానందం, ఎవరితోనూ కాకుండా నేలతో చెబుతున్నట్టు. "లెగు, తిను, మర్సిపో, దేవుడి సిత్తం అని. ఈడెవుడో గానీ, తొందరపెట్టలేదు."

కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు. లేచాక మళ్ళీ సంఘపెద్ద అయ్యాడు. "ఆ బొమ్మలు మాత్తరం నాకు గిట్టవు. నా మనవడు ఆ పుస్తకం ఇంట్లోకి తేడానికి ఈల్లేదు."

"కొన్ని బొమ్మలు నాకూ గిట్టవు మావయ్యా" అంది దెబోరా.

"పేరు సంగతేంటి మరి?" అని ఆదాము అయ్యగారు అడిగాడు.

జ్ఞానానందం జీవానందం వైపు చూశాడు. షెడ్డు రోజుల నుంచీ ఎరిగున్న మనిషి. "పేరు ఆడిది. ఆడికి లేని బాధ మనకేటి?" అన్నాడు. తర్వాతి ఆదివారం దెబోరా హార్మోనియం ముందు కూర్చుంది. ఆ రోజు రెండో కీర్తనలో, చాలాకాలానికి, వెనక వరసలోంచి జ్ఞానానందం గొంతు వినపడింది. శృతి తప్పింది, అయినా ఆపలేదు.

సంఘంలో అందరికీ ఆ పాటలు నచ్చాయని కాదు. డోర్కాస్ చివరిదాకా వాటిని 'గూడ్సు బండి పాటలు' అనే అంది. కానీ ఎవరింట్లో ఎవరికి చెవి సరిగా వినపడకపోయినా, ఎవరి పిల్లాడు హెడ్‌ఫోన్లు తీయకపోయినా, దెబోరాని పిలిచేవారు. ఆమె పిల్లాడు వినేదేమిటో ముందు తీసుకుని విని, సౌండు తగ్గించి, ఇంకా మంచిది ఒకటి చేతిలో పెట్టి వచ్చేది.

పత్రిక పెరిగింది. షిల్లాంగు నుంచి, బెంగళూరు నుంచి, సాల్ట్ లేక్ ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్రాళ్ళ నుంచి రోజూ ఈమెయిళ్ళు వచ్చేవి. 'మీరు చెప్పారని విన్నాను' అనే మాట వాటిలో ఎక్కువ. రెండువేల ఆరులో మైదాన్ దగ్గర ఒక హాల్లో కలకత్తా మెటల్ బృందాలన్నీ కలిసి మధ్యాహ్నం కచేరీ పెట్టాయి. దెబోరాని తల్లిదండ్రులతో సహా పిలిచారు. తండ్రి చెవి మిషను తీసి దూది పెట్టింది, తల్లికీ పెట్టింది. కామార్‌పారా అనే హౌరా కుర్రాళ్ళ బృందం వాయించడం పూర్తయ్యాక, గాయకుడు చెమటతో మైకు దగ్గరకొచ్చాడు.

"మా మొదటి ఆల్బం ఎవరూ కొనక్కర్లేదని రాసిన మనిషి ఇక్కడుంది" అన్నాడు బెంగాలీలో. హాలంతా గోల. "రెండోది ఎందుకు కొనాలో కూడా ఆవిడే రాసింది. ఆవిడ లేకపోతే మేం ఇంకా మొదటి ఆల్బమే వాయిస్తుండేవాళ్ళం. దెబోరా దిదీ, లేవండి!"

దెబోరా లేచి నిలబడింది. నల్ల చొక్కాల కుర్రాళ్ళు, అమ్మాయిలు, వందల మంది వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. దూది పెట్టిన చెవులతో జీవానందానికి ఏమీ వినపడలేదు. కానీ అన్ని చేతులూ కూతురి వైపు కదలడం కనపడింది. ఆయన కూడా లేచి, ఆమె పక్కన నిటారుగా నిలబడి, అందరికీ రెండు చేతులూ జోడించాడు.

చీకటి పడకముందే హౌరా లాంచి ఎక్కారు. రేవు దాటగానే చల్లగాలి తగిలి జీవానందం కునుకు తీశాడు. రోజమ్మ చెవుల్లోంచి దూది తీసి, కూతురి వైపు జరిగింది.

"ఒలే, వచ్చే నెలకేటి రాస్తావు?"

ఇన్నేళ్ళలో తల్లి అడగడం అదే మొదలు. దెబోరా ఆశ్చర్యం దాచుకుని, "ఐస్‌లాండ్ నుంచి ఒకటొచ్చిందమ్మా" అంది. "అక్కడ నేలలోంచి పొగ వస్తుంది, మనుషులు తక్కువ. ఒక పాట అంతా సముద్రం ఒడ్డున పడవ తిరగబడినట్టు ఉంటుంది. మధ్యలో ఒక ముసలావిడ గొంతు వస్తుంది, ఊరికే పేర్లు పిలుస్తుంది."

"ఎవుళ్ళ పేర్లు?"

"వెళ్ళి తిరిగిరాని వాళ్ళవి అనుకుంటాను. ఆ భాష నాకు రాదు."

రోజమ్మ తల ఊపింది. "ఇంటికెల్లాక అది పెట్టు. ఇంటాను" అంది. "సౌండు మాత్తరం తగ్గించు."